సభ ముగిశాక మిగలాల్సిన మాట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు బహిరంగ లేఖ



విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగే సభను వీడియో తీయడం, దాన్ని ఎడిట్ చేసి చూసేవారికి అందించడం, తర్వాతి తరాలకు దొరికేలా దాచిపెట్టడం అనే మూడు పనులూ కలిస్తేనే వీడియో సేవ పూర్తవుతుంది. తెలుగు రాష్ట్రాల ప్రాంగణాల్లో మొదటి పని దాదాపు ప్రతి సభకూ జరుగుతోంది. రెండోది అరకొరగా సాగుతోంది. మూడోది చాలాచోట్ల ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. కెమెరాలు వస్తాయి, బిల్లు చెల్లిస్తారు, పెన్ డ్రైవ్ చేతికందుతుంది. అయిదేళ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థి వచ్చి ఫలానా స్మారకోపన్యాసం వినాలని అడిగితే మాత్రం అది ఎక్కడుందో చెప్పగలిగేవారు ఉండరు. విశ్వవిద్యాలయ సభ రికార్డింగును వేడుక జ్ఞాపకంగా చూసినంత కాలం ఈ నష్టం ఆగదు. గ్రంథాలయంలోని పుస్తకంతో సమానంగా, అదొక విద్యా పత్రమని గుర్తించినప్పుడే పద్ధతి మారుతుంది.

ప్రాంగణంలోని సభలన్నీ ఒక్క తీరువి కావు. స్నాతకోత్సవంలో కంటికి కనిపించేది ముఖ్యం. 600 మంది విద్యార్థులు ఒక్కొక్కరు 10 సెకన్ల చొప్పున వేదిక మీదికి వచ్చి పట్టా అందుకుంటే 100 నిమిషాలు పడుతుంది. అందులో ఏ 10 సెకన్లు జారిపోయినా ఒక ఇంటికి ఆ రోజంతా లేనట్టే. స్మారకోపన్యాసంలో మాట ముఖ్యం. సదస్సులో మాటతో పాటు తెర మీది పటాలూ పట్టికలూ చదవగలిగేలా ఉండాలి. హరికథ, ఒగ్గుకథ, తోలుబొమ్మలాట వంటి ప్రదర్శనల్లో గొంతు, వాద్యం, అడుగు, సభికుల స్పందన కలిస్తేనే కళ అవుతుంది కాబట్టి వాటిలో దేన్నీ వదలడానికి లేదు. ఈ నాలుగింటికీ ఒకే కెమెరా, ఒకే కోణం, ఒకే రేటు నిర్ణయించడం దగ్గరే లోపం మొదలవుతుంది.

వేదిక మీది మాటను భద్రపరచడం ఈ నేల విశ్వవిద్యాలయాలకు కొత్త కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రవీంద్రనాథ్ టాగూరు 1933లో ఉపన్యాసాలిచ్చారు. విశ్వవిద్యాలయం వాటిని తర్వాత ‘మ్యాన్’ పేరుతో పుస్తకంగా వేసింది. అచ్చు వేయడం వల్లే ఆ మాటలు ఇవాళ్టికీ చదువుకోవడానికి ఉన్నాయి. ఆ రోజుల్లో చేతనైన సాధనం అచ్చు, దాన్ని శ్రద్ధగా వాడుకున్నారు. అదే విశ్వవిద్యాలయం తెలుగు కవి పండితులకూ కళాకారులకూ ‘కళాప్రపూర్ణ’ బిరుదునిచ్చి గౌరవించింది. అలాంటి వేదికల మీద ఒక కవి పలికిన నాలుగు మాటలు ఆ కవి పుస్తకాలంత విలువైనవి. వాటిని పట్టుకునే సాధనం ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఉంది. సంస్థాగతంగా దాచే ఏర్పాటే లేదు.

వీడియో తీసే నైపుణ్యం కూడా తెలుగు నేలకు పాతదే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు, ఆ పాఠాలను తయారుచేయడానికి దేశంలోని కొన్ని విశ్వవిద్యాలయాల్లో మాధ్యమ కేంద్రాలు వెలిశాయి. హైదరాబాదులో ఉస్మానియాలోనూ, ఇప్పుడు ఇఫ్లూగా పిలిచే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ అలాంటి కేంద్రాలున్నాయి. 1993లో ఢిల్లీలో ఏర్పడిన విద్యా ప్రసారాల కన్సార్షియం వీటన్నిటినీ కలుపుతుంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, తర్వాత అంబేడ్కర్ పేరు పెట్టుకున్న హైదరాబాదు సంస్థ రేడియో, టెలివిజన్ పాఠాలతోనే ఇంటింటికీ చదువు చేర్చింది. 2017లో మొదలైన ‘స్వయం’ వేదికకు ఇలాంటి కేంద్రాలు పాఠాలు తయారుచేస్తున్నాయి. స్టూడియోలో పాఠం తీయడానికి ఇంత క్రమశిక్షణ అలవాటైన చోట, పక్క భవనంలో జరిగే స్మారకోపన్యాసానికి ఆ క్రమశిక్షణ అందకపోవడం సరిదిద్దుకోదగిన లోటు.

ఇప్పుడు ఎక్కువ చోట్ల నడుస్తున్న పద్ధతి ఇది. సభకు వారం ముందు మూడు కొటేషన్లు తెప్పిస్తారు. తక్కువ రేటుకు వర్క్ ఆర్డరు ఇస్తారు. అందులో ‘వీడియో కవరేజీ’ అన్న రెండు మాటలకు మించి వివరం ఉండదు. వచ్చే వీడియోగ్రాఫరు ఎక్కువగా పెళ్లిళ్లు తీసే మనిషి, తన పనిలో నిపుణుడు. పెళ్లి వీడియోలో మాటలు తగ్గించి పాట వేస్తే అందం. ఉపన్యాసానికి అదే చేస్తే మిగిలేది ఏమీ ఉండదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు పూర్తిగా రికార్డయి, ప్రధాన వక్త గంట ప్రసంగం మూడు నిమిషాలకు కుదించుకుపోవడానికి కారణం ఆ మనిషి అశ్రద్ధ కాదు. ఏది ముఖ్యమో విశ్వవిద్యాలయం తన ఆర్డరులో రాయకపోవడం.

ఆర్డరులో మొట్టమొదట రాయాల్సింది ధ్వని గురించి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రసంగం వినవచ్చు. మాట అర్థం కాకపోతే ఎంత మంచి బొమ్మైనా పనికిరాదు. హాలు వెనకాల నిలబెట్టిన కెమెరాకున్న మైకుకు వక్త గొంతు కన్నా ముందు ఫ్యాన్ల చప్పుడు, కుర్చీల కదలిక, గోడల ప్రతిధ్వని అందుతాయి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని దాదాపు 6 డెసిబెళ్లు పడిపోతుంది. హాల్లో ప్రతిధ్వని కలిసి మాట మరింత చెదిరిపోతుంది. కాబట్టి పోడియం మైకు మాట మైక్‌సెట్ మిక్సర్ నుంచి తీగ ద్వారా నేరుగా రికార్డరులోకి రావాలి. అక్కడా ఒక జాగ్రత్త కావాలి. మిక్సర్ నుంచి వచ్చే లైన్ స్థాయి సంకేతాన్ని మైకు ఇన్‌పుట్‌లో పెడితే గొంతు పగిలిపోతుంది, తర్వాత ఏ ఎడిటింగూ దాన్ని బాగుచేయలేదు. వక్త పోడియం వదిలి నడుస్తూ మాట్లాడే అలవాటున్నవారైతే కాలర్ మైకు పెట్టాలి. మిక్సర్ మీద మాత్రమే ఆధారపడకుండా వేదిక దగ్గర విడిగా ఇంకొక రికార్డరు నడుస్తూ ఉండాలి. ధ్వని స్థాయి శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉంటే, వక్త గొంతు ఒక్కసారిగా పెంచినా మాట విరగదు. ప్రశ్నోత్తరాల సమయంలో సభికులకు మైకు అందించాలి. ప్రశ్న వినపడకుండా జవాబు ఒక్కటే ఉన్న రికార్డింగు సగం పత్రమే.

బొమ్మ విషయంలో వెలుతురు, కోణం, నిరంతరత అనే మూడింటిని చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబు లైట్లూ నాసిరకం ఎల్‌ఈడీలూ సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 50వ వంతు దగ్గర ఉంచి, సెకనుకు 25 ఫ్రేములు తీస్తే ఆ మినుకు రికార్డులోకి రాదు. వేదిక వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే వక్త ముఖం నల్లబడుతుంది. తెర వెలుగు తగ్గించి, ముఖానికి ఎదురుగా మెత్తని దీపం పెట్టాలి. రెండు కెమెరాలు కనీస అవసరం. ఒకటి వేదిక మొత్తాన్ని కదలకుండా పట్టుకుని ఉంటుంది, రెండోది వక్తకు దగ్గరగా ఉంటుంది. తెర మీది పటాలను కెమెరాతో తీయడం కన్నా కంప్యూటరు నుంచి వచ్చే సంకేతాన్నే నేరుగా రికార్డు చేస్తే అక్షరం అక్షరం చదవవచ్చు. ఫొటోలకోసం చేసిన పాత కెమెరాలు చాలా వరకు ఒక క్లిప్పును 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతటవే ఆపేస్తాయి. కొన్ని వేడెక్కి మధ్యలో ఆగుతాయి. గంట ఉపన్యాసానికి అలాంటి కెమెరా ఒక్కటే తెస్తే సరిగ్గా ప్రధానమైన వాక్యం దగ్గర తెగిపోవచ్చు. ఎంతసేపైనా ఆగకుండా తీసే కెమెరా కావాలని ఆర్డరులో ఉండాలి.

స్నాతకోత్సవానికి ఇంకొక ఏర్పాటు అవసరం. పట్టాలు అందుకునేవారి వరుస జాబితా కెమెరా బృందానికి ముందు రోజే అందాలి. ఎవరు ఏ నిమిషంలో వేదిక మీదికి వచ్చారో ఒకరు రాసుకుంటూ పోతే, తర్వాత ప్రతి విద్యార్థీ తన క్షణాన్ని సులువుగా వెతుక్కోగలుగుతారు. అమెరికాలో చదివిన పిల్లల పట్టాల పండుగను పల్లెటూరి ఇంట్లో కూర్చుని ఫోనులో చూసిన తల్లిదండ్రులు తెలుగునాట ఎందరో ఉన్నారు. అనంతపురంలోనో వరంగల్లోనో పట్టా అందుకునే కూలి తల్లి బిడ్డకూ ఆ గౌరవం దక్కాలి.

ప్రత్యక్ష ప్రసారం రికార్డింగుకు తోడు మాత్రమే, బదులు కాదు. పూర్తి హెచ్‌డీ ప్రసారం సెకనుకు 6 మెగాబిట్ల దగ్గర సాగుతుంది. దానికి కనీసం రెట్టింపు అప్‌లోడ్ వేగం, అదీ వందల ఫోన్లు పంచుకునే వైఫై మీద కాకుండా విడి తీగ మీద ఉండాలి. మొబైల్ డేటా దారి ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి. నెట్ తెగినా సభ తెగకుండా ఉండాలంటే ప్రసారమవుతున్నంత సేపూ కెమెరాల్లో పూర్తి నాణ్యతతో విడిగా రికార్డవుతూనే ఉండాలి. ప్రసారంలోంచి తర్వాత దించుకున్న కాపీ దాచుకోదగిన మూలప్రతి కాదు.

సభ అయ్యాక రెండు రూపాలు తయారు కావాలి. మొదటిది ఏ కోతా లేని పూర్తి సభ. ఇది భాండాగారానికి. రెండోది ఖాళీ సమయాలు తీసేసి, వక్త పేరు, తేదీ, విషయం తెరమీద చూపి, ప్రసంగాన్ని మాత్రం యథాతథంగా ఉంచిన ప్రతి. ఇది అందరికీ. రెండో ప్రతికి తెలుగు సబ్‌టైటిళ్లు ఉండాలి. కంప్యూటరు తనంతట తాను రాసే తెలుగు అక్షరాల్లో ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు, సమాసాలు, మాండలికాలు తరచుగా తప్పుతాయి. భాష తెలిసిన విద్యార్థి ఒకసారి సరిదిద్దితే చాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను దృశ్య మాధ్యమాల్లో సబ్‌టైటిళ్లు, సంజ్ఞా భాష, వర్ణన ధ్వని ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతోంది. వినికిడి లోపమున్న విద్యార్థికి ఉపకరించే ఆ అక్షరాలే, ప్రసంగంలో ఒక మాట ఎక్కడ వచ్చిందో వెతికే పరిశోధకునికీ దారి చూపుతాయి. సంజ్ఞా భాష అనువాదకులు వేదిక మీద ఉంటే వారి చేతులూ ముఖమూ స్పష్టంగా కనిపించేలా వెలుతురు, ఫ్రేము ఏర్పాటు చేయాలి.

హక్కుల సంగతి సభకు ముందే తేలాలి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి వీడియో తీయించుకున్నవారే దానికి మొదటి హక్కుదారులు. అంటే చట్టం విశ్వవిద్యాలయం వైపే ఉంది. హక్కు కాగితం మీద ఉండి ఫుటేజీ వేరొకరి హార్డ్ డిస్కులో ఉంటే లాభం లేదు కాబట్టి మూల ఫుటేజీ మొత్తం అప్పగించాలని ఆర్డరులో రాయాలి. అదే సెక్షను బహిరంగ ప్రసంగం మీద మొదటి హక్కును ప్రసంగించిన వ్యక్తికి, లేదా ఎవరి తరఫున ప్రసంగించారో వారికి ఇచ్చింది. వీడియో సంస్థదైనా మాట వక్తది. ఆహ్వాన పత్రంతో పాటే ఒక పేజీ అనుమతి పత్రం పంపి సంతకం తీసుకోవడం మర్యాదా, చట్టమూ. వేదిక మీద కళ చూపేవారికి 38వ సెక్షను విడిగా హక్కులిచ్చింది. అవి 50 ఏళ్లు ఉంటాయి. పల్లె నుంచి వచ్చిన ఒగ్గు కళాకారుల బృందానికి ఈ సంగతి వారి భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే రికార్డు చేయాలి. ఒక ప్రతి వారికీ ఇవ్వాలి. సినిమా పాటల విషయంలో 52వ సెక్షనులోని వెసులుబాటు కళాశాల సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రుల వంటి పరిమిత ప్రేక్షకులకు సంబంధించినది. అదే కార్యక్రమాన్ని ప్రపంచానికి ప్రసారం చేస్తే పరిస్థితి వేరు.

సభకు వచ్చిన విద్యార్థులకూ ఒక హక్కుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతికీ సమాచారానికీ పెద్దపీట వేసింది. హాలు గుమ్మం దగ్గర రికార్డింగు జరుగుతోందని తెలుగులో బోర్డు పెట్టడం, కెమెరా చూపు పడని వరుసలు కొన్ని విడిచిపెట్టడం కష్టమైన పనులేమీ కావు. విద్యార్థినుల నృత్యంలోంచి ముక్కలు కత్తిరించి ఫోన్లలో తిప్పే రోజుల్లో, సాంస్కృతిక కార్యక్రమాల ఫుటేజీ ఎవరి చేతిలో ఉండాలో స్పష్టమైన నియమం లేకపోవడం ఆ పిల్లల భద్రతను గాలికి వదిలేయడమే. ప్రాంగణంపై డ్రోను ఎగరేయాలంటే 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఆ ప్రాంతం ఏ గగనతల జోన్‌లో ఉందో ముందుగా చూసుకోవాలి. విమానాశ్రయాలకూ రక్షణ స్థావరాలకూ దగ్గరున్న ప్రాంగణాల్లో ఇది మరీ ముఖ్యం.

ఇక దాచడం. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే ఒక గంట వీడియో 22.5 గిగాబైట్లు అవుతుంది. మూడు గంటల సభను రెండు కెమెరాలతో తీస్తే 135. ఏడాదికి అలాంటి సభలు 40 అనుకుంటే మొత్తం దాదాపు 5.4 టెరాబైట్లు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉంచాలన్నది భాండాగారాలు పాటించే సూత్రం. అలా ఉంచినా అది 16 టెరాబైట్ల చిల్లర. ఒక విశ్వవిద్యాలయం భరించలేని భారం కాదు. కావాల్సింది పూచీ పడే మనిషి. ఫైళ్లు చెడిపోలేదని ఏటా సరిచూడాలి, కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుల్లోకి మార్చాలి. ప్రతి రికార్డింగుకూ వక్త పేరు తెలుగు లిపిలో, తేదీ, స్థలం, విషయం, భాష, హక్కుల వివరం రాసి గ్రంథాలయ జాబితాలో చేర్చాలి. జాబితాకెక్కని వీడియో ఉన్నా లేనట్టే.

పాత టేపుల పరిస్థితి మరీ తొందరపెట్టేది. యూమాటిక్, బీటాకామ్, వీహెచ్‌ఎస్ టేపుల మీది అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ రాలిపోతుంది. ఆడించే యంత్రాలూ, వాటి విడిభాగాలూ, బాగుచేసే మెకానిక్కులూ తగ్గిపోతున్నారు. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2025ను గడువుగా చూపి ప్రపంచాన్ని హెచ్చరించింది. ఆ గడువు కూడా వచ్చేసింది. బీరువాల్లో మిగిలిన టేపుల్లో దేన్ని ముందు డిజిటల్‌కు మార్చాలో ఎంచుకోవడానికి తెలుగు, చరిత్ర, లలితకళల శాఖల ఆచార్యులతో చిన్న సంఘం వేస్తే సరిపోతుంది.

ఈ పనులన్నిటికీ పెద్ద విభాగం అక్కర్లేదు. ధ్వనికి ఒకరు, కెమెరాలకు ఇద్దరు, ప్రసారానికి ఒకరు, ఆ నలుగురినీ నడిపించి రికార్డును గ్రంథాలయానికి చేర్చే సమన్వయకర్త ఒకరు చాలు. జర్నలిజం, లలితకళల శాఖలున్న చోట విద్యార్థులకే శిక్షణ ఇచ్చి, గంటల లెక్కన పారితోషికమిస్తే, వారికి చదువుతో పాటు చేతిపనీ వస్తుంది. మాధ్యమ కేంద్రమున్న ప్రాంగణంలో ప్రధాన సభల బాధ్యత దానికే అప్పగించవచ్చు. బయటివారినే పిలవక తప్పని చోట సభకొక కొటేషన్ బదులు ఏడాదికొక ఒప్పందం చేసుకుని, కోరే నాణ్యతను ముందే రాసిపెట్టాలి.

కాబట్టి ప్రతి విశ్వవిద్యాలయం పాలకమండలి ముందుకు తీసుకురావలసిన నిర్ణయాలు అయిదు. రికార్డింగును విద్యా పత్రంగా ప్రకటించి గ్రంథాలయానికి అప్పగించడం. వర్క్ ఆర్డరులో ధ్వని, నిరంతర చిత్రీకరణ, మూల ఫుటేజీ అప్పగింత తప్పనిసరి చేయడం. వక్తలు, కళాకారులు, విద్యార్థుల అనుమతికి ఒకే నియమావళి తేవడం. బయటికిచ్చే ప్రతి వీడియోకూ తెలుగు సబ్‌టైటిళ్లు చేర్చడం. పాత టేపులను ఏడాదిలోగా లెక్కించి డిజిటల్‌కు మార్చడం మొదలుపెట్టడం. వీటిలో మొదటిదానికి రూపాయి ఖర్చు లేదు, ఒక్క తీర్మానం చాలు. మిగతా నాలుగింటికీ దారి దాంతోనే ఏర్పడుతుంది.


ఒక పూర్వ విద్యార్థి